హైదరాబాద్‌లో నటుడవ్వాలంటే: ఛాన్స్ అడిగే ముందు సినిమా పనివాళ్ల దగ్గర ఏం నేర్చుకోవాలి, ఎలా అడగాలి

ఊరి నుంచి హైదరాబాద్ వచ్చిన కొత్తవాళ్లు మొదటి నెలంతా ఫొటోలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్, మణికొండ... వాచ్‌మన్ చేతిలో కవరు పెట్టి, ఫోన్ నంబర్ రాసి వచ్చేస్తారు. ఇక ఫోన్ కోసం ఎదురుచూపు. ఆ కవర్లలో చాలావాటిని ఎవరూ తెరవరు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఆ వారం ఆ ఆఫీసుకి నటులు అక్కర్లేకపోవచ్చు. అవసరమున్నా వాళ్లు వెతికే వయసు, యాస వేరే అయి ఉండొచ్చు.

అదే నెలను ఇంకోలా వాడుకోవచ్చు. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, ఇందిరానగర్, ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల నాలుగైదు కిలోమీటర్లలోనే కో-డైరెక్టర్లు (దర్శకుడి తర్వాత డైరెక్షన్ పని నడిపేవాళ్లు), ఎడిటర్లు, డబ్బింగ్ ఆర్టిస్టులు, మేకప్‌మెన్, ప్రొడక్షన్ మేనేజర్లు ఉంటారు. కొత్తవాళ్లు వీళ్లను అడిగేది ఒక్కటే: ఛాన్స్. అది వాళ్లలో చాలామంది చేతిలో లేదు. వాళ్ల దగ్గర పుష్కలంగా ఉన్నది పని తెలిసిన అనుభవం. మర్యాదగా, సరైన సమయంలో అడిగితే దాన్ని దాచుకోరు. డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తూ ఎంతోమంది కొత్త నటుల్ని దగ్గర నుంచి చూశాను. సెట్లో పని ఎలా సాగుతుందో ముందే తెలుసుకుని వచ్చినవాళ్లు త్వరగా కుదురుకుంటారు. రెండోసారి పిలుపు కూడా ఎక్కువగా వాళ్లకే వస్తుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

1. ముందు తిండి, గది, ఒక ఆదాయం

కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని రండి. లేదంటే వేళలు మార్చుకోవడానికి వీలున్న పని ఒకటి చూసుకోండి. అద్దె కట్టలేని టెన్షన్‌లో ఉన్న మనిషి ఆడిషన్‌లో స్వేచ్ఛగా నటించలేడు. మోసగాళ్లకు దొరికిపోయేది కూడా ఆ టెన్షన్‌లోనే. ఉద్యోగం చేసుకుంటూ నటించడం తక్కువతనం ఏమీ కాదు. కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూనే నాటకాలు వేశారు. జయప్రకాష్ రెడ్డి ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ రంగస్థలం మీద రాటుదేలారు.

గది తీసుకునేటప్పుడు మెట్రో లైను చూసుకోండి. అమీర్‌పేట నుంచి మధురానగర్, యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మీదుగా రాయదుర్గం వెళ్లే లైను దగ్గరలో ఉంటే స్టూడియోలు, ఆఫీసులు చాలావరకు అందుబాటులో ఉంటాయి. రామోజీ ఫిల్మ్ సిటీ మాత్రం హయత్‌నగర్ దాటాక నగరానికి ఆ చివర ఉంది. అక్కడ ఉదయం షూటింగ్ ఉంటే తెల్లవారుజామునే బయల్దేరాలి.

2. ఎవరు ఏం నిర్ణయిస్తారో తెలుసుకోండి

ఇది తెలియకపోతే తలుపు ఒకటైతే తట్టేది ఇంకొకటి అవుతుంది.

పెద్ద పాత్రల మీద దర్శకుడు, నిర్మాత, హీరో వైపువాళ్లు మాట్లాడుకుంటారు. అక్కడ కొత్తవాళ్లకు చోటు తక్కువ. రెండు మూడు సీన్లుండే పాత్రలు, హీరో స్నేహితుల బృందం, ఆఫీసు సీన్లో మాట్లాడే క్లర్కు, పెళ్లి సీన్లో గొడవపడే బాబాయి లాంటివాటికి మొదటి జాబితా తయారుచేసేది కో-డైరెక్టర్, అసోసియేట్ డైరెక్టర్లు, ఉంటే కాస్టింగ్ డైరెక్టర్ (పాత్రలకు నటుల్ని వెతికేవాళ్లు). కొత్తవాళ్లు తెలుసుకోవాల్సిన మనుషులు వీళ్లే.

జూనియర్ ఆర్టిస్టుల దారి వేరు. జనం కనిపించే సీన్లకు వాళ్లను యూనియన్ ద్వారా, ఏజెంట్ల ద్వారా పిలుస్తారు. సినీ పరిశ్రమలోని పని విభాగాలను 24 క్రాఫ్ట్స్ అంటారు కదా, వాటి కార్మిక సంఘాలన్నీ ఒక ఫెడరేషన్ కింద ఉంటాయి. 2025 ఆగస్టులో ఆ ఫెడరేషన్ 30 శాతం వేతన పెంపు కోరుతూ సమ్మె చేస్తే రెండు వారాలకు పైగా షూటింగులు ఆగిపోయాయి. అలాంటప్పుడు నటుల ఆదాయం కూడా ఆగిపోతుంది. ఆరు నెలల ఖర్చు దగ్గర పెట్టుకోమనడం అందుకే.

జూనియర్ ఆర్టిస్టుగా చేస్తే పెద్ద పాత్రలు రావని కొందరు భయపెడతారు, అదే మొదటి మెట్టని కొందరు ఆశపెడతారు. రెంటినీ పూర్తిగా నమ్మొద్దు. సెట్ ఎలా నడుస్తుందో చూడటానికి అది మంచి చోటు. కానీ మాటలున్న పాత్రలకు మనుషుల్ని వెతికేటప్పుడు ఎక్కువగా చూసేది ఆడిషన్లు, షార్ట్ ఫిల్ములు, నాటకాలు, పాత పరిచయాలు. మీ లక్ష్యం మాటలున్న పాత్రే అయితే ఎక్కువ సమయం అటువైపు పెట్టండి.

సీరియళ్లు, వెబ్ సిరీస్‌లు మరో లోకం. సీరియల్లో రోజుకు చాలా సీన్లు తీస్తారు. డైలాగ్ కాగితం అప్పటికప్పుడే చేతికొస్తుంది, డైలాగ్ పట్టుకునే వేగం పెరుగుతుంది. అయితే ఒకసారి ఒప్పుకుంటే నెలలో డేట్లు చాలావరకు అక్కడే పోతాయి.

3. శిక్షణ: చూసి, అడిగి చేరండి

ఫీజు కట్టే ముందు ఒక క్లాసులో కూర్చుంటామని అడగండి. పాఠం చెప్పేది ఎవరు, బ్యాచ్‌లో ఎంతమంది, వారంలో ఎన్ని గంటలు మీరు నిలబడి నటిస్తారు? ఈ మూడింటికీ సూటిగా జవాబు రావాలి. కోర్సు అయ్యాక సినిమాలో పాత్ర గ్యారంటీ అని చెప్పే చోట చేరొద్దు. అది ఎవరూ ఇవ్వలేని హామీ.

డిగ్రీలా చదవాలనుకునేవాళ్లకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖలున్నాయి. 2011లో మొదలైన అన్నపూర్ణ కాలేజీ ఆఫ్ ఫిల్మ్ అండ్ మీడియా కూడా ఇక్కడే ఉంది.

చదువుకు డబ్బు లేకపోతే నాటకం ఉంది. నా మటుకు నాకు కొత్త నటుడికి అంతకంటే మంచి బడి కనిపించలేదు. బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో, సైఫాబాద్‌లోని రవీంద్రభారతిలో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో నాటకాలు జరుగుతుంటాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం కుటుంబాలు ఇప్పుడు లింగంపల్లి దగ్గర కాలనీలో ఉంటున్నాయి. వాళ్ల ప్రదర్శన ఒక్కటైనా చూడండి. చిన్నపిల్లల నుంచి పెద్దవాళ్ల దాకా వేదిక మీద ఎలా నిలబడతారో, గొంతు ఎంత దూరం పంపుతారో గమనించండి. నాటకం అయ్యాక దర్శకుడి దగ్గరికి వెళ్లి, 'రిహార్సల్స్‌కి వచ్చి ఏ పనైనా చేస్తానండీ' అనండి. కర్టెన్ లాగడంతో మొదలైనా సరే. నెలరోజుల రిహార్సల్స్‌లో ఒకే సీన్ మళ్లీ మళ్లీ ఎలా మారుతుందో కళ్లారా చూస్తారు. సినిమా సెట్లో అంత తీరిక ఎవరికీ ఉండదు.

4. పని తెలిసినవాళ్లను అడగడం

ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం ఇదే. కాస్త నిదానంగా చదవండి.

షూటింగ్ మధ్యలో ఎవరినీ కదిలించొద్దు. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఖాళీగా నిలబడినట్టు కనిపించే అసిస్టెంట్ డైరెక్టర్ తలలో పది పనులు తిరుగుతుంటాయి. షెడ్యూల్ అయిపోయాక, సాయంత్రం టీ కొట్టు దగ్గరో, ఫోన్ చేసి అడిగిన తర్వాతో మాట్లాడండి. 'అన్నా, ఛాన్స్ కోసం కాదు. ఒక డౌట్ ఉంది, మీకు వీలైనప్పుడు పది నిమిషాలు మాట్లాడొచ్చా?' అని అడిగితే ఎక్కువమంది కాదనరు. అలా అడిగాక ఆ పది నిమిషాల చివర్లో ఫొటోలు బయటికి తీయొద్దు. మాట మాటగానే ఉండాలి. మీరు ఏంటో వాళ్లకు అర్థమైతే, అవసరం వచ్చిన రోజు వాళ్లే అడుగుతారు.

అసిస్టెంట్ డైరెక్టర్‌ని అడగాల్సినవి: ప్రొఫైల్ (మీరు పంపే ఫొటోలు, వివరాలు, వీడియో) చూడగానే దేన్ని పక్కన పెట్టేస్తారు? బాగా చేసినవాళ్లను కూడా ఒక్కోసారి ఎందుకు తీసుకోరు? ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబు మీ మనసుకు చాలా మేలు చేస్తుంది. హీరోయిన్ పక్కన ఎత్తు కుదరలేదు, తండ్రి పాత్ర వేసేవాళ్లతో పోలిక లేదు, డేట్లు కలవలేదు, ఆ పాత్రనే స్క్రిప్టులోంచి తీసేశారు. తిరస్కారాల్లో చాలావాటికి మీ నటనతో సంబంధమే ఉండదని అప్పుడు తెలుస్తుంది.

ఎడిటర్‌ని అడిగే కొత్త నటుడు దాదాపు ఉండడు. నటుడి తప్పొప్పులన్నీ చీకటి గదిలో పదేపదే చూసేది ఆయనే కదా. 'మంచి టేక్ అయినా వాడలేకపోవడానికి కారణాలేంటి సార్?' అని అడిగి చూడండి. ఇలాంటి జవాబులొస్తాయి: ఒక టేక్‌లో కుడి చేత్తో గ్లాసు ఎత్తి, ఇంకో టేక్‌లో ఎడమ చేత్తో ఎత్తారు. ఎదుటి నటుడి మాట పూర్తి కాకముందే మీ మాట మీద పడింది. మాట అయిపోగానే ముఖంలోంచి పాత్ర వెళ్లిపోయింది, కట్ చెప్పేదాకా కూడా ఆగలేదు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మీరు వినడం మానేసి మీ డైలాగ్ కోసం కాచుకున్నారు. ఇవన్నీ ఇంట్లో ఫోన్ కెమెరా ముందు సరిదిద్దుకోగలిగినవే.

డబ్బింగ్ ఆర్టిస్టుల దగ్గర గొంతు నేర్చుకోండి. తెలుగులో చాలా సినిమాలకు షూటింగ్ తర్వాత డబ్బింగ్ చెప్పడం ఇప్పటికీ ఉంది. సెట్లో ఏడ్చిన ఏడుపును మూడు నెలల తర్వాత, ఏసీ గదిలో, మైకు ముందు ఒంటరిగా నిలబడి మళ్లీ తెచ్చుకోవాలి. మాట పెదవికి కూర్చోవాలి, భావం పోకూడదు. అది రాకపోతే మీ పాత్రకు ఇంకొకరి గొంతు పెడతారు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, మైకుకు ఎంత దూరంలో నిలబడాలి, 'శ', 'ష', 'స' తేడాగా పలకడానికి ఏం సాధన చేయాలి, ఇవి అడగండి. రోజూ ఉదయం దినపత్రిక సంపాదకీయం పైకి చదవమని చాలామంది చెబుతారు. నేనూ అదే చెబుతాను. దానితోపాటు మీ సొంత యాసను పోగొట్టుకోవద్దు. నల్గొండ, కర్నూలు, శ్రీకాకుళం, భీమవరం... ఏ యాసైనా సహజంగా మాట్లాడగలగడం ఇప్పుడు నటుడికి పెద్ద ఆస్తి. పాత్రకు తగ్గట్టు పత్రికా భాషలోకీ, యాసలోకీ మారగలిగితే ఇంకా మంచిది.

మేకప్, కాస్ట్యూమ్స్ వాళ్లతో స్నేహంగా ఉండండి. మీ చర్మానికి లైట్ల కింద ఏది సరిపోతుందో, ఏ రంగు చొక్కా మీ ముఖాన్ని చంపేస్తుందో ఒక్క చూపులో చెప్పగలరు. పెద్ద పెద్ద నటుల్ని రోజూ పొద్దున్నే అద్దం ముందు చూసేవాళ్లు వాళ్లు. షాట్‌కి ముందు ఎవరు ఎలా సిద్ధమవుతారో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

సీనియర్ క్యారెక్టర్ ఆర్టిస్టుతో మాట్లాడే భాగ్యం దొరికితే ఒకే ఒక్క ప్రశ్న అడగండి. సీన్ పేపర్ చేతికొచ్చాక మొదటి పది నిమిషాలు ఏం చేస్తారు? ఆ జవాబు ఇంటికెళ్లి రాసుకోండి. ముగ్గురిని అడిగితే మూడు పద్ధతులు వస్తాయి, మూడూ ప్రయత్నించి మీకు పనికొచ్చేది పట్టుకోండి.

ఇంకో దారి కూడా ఉంది: కెమెరా వెనక కొంతకాలం పనిచేయడం. నాని హీరో కాకముందు అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేశారు. రవితేజ కూడా అంతే. మీ ఈడు అసిస్టెంట్ డైరెక్టర్లు తీసే షార్ట్ ఫిల్ములకు నటుడిగానో, క్లాప్ కొట్టడానికో, లొకేషన్ చూసిపెట్టడానికో వెళ్లండి. ఇవాళ్టి అసిస్టెంట్ రేపటి దర్శకుడు. సుహాస్, ప్రియదర్శి లాంటివాళ్లు షార్ట్ ఫిల్ముల నుంచి వచ్చినవాళ్లే.

5. ప్రొఫైల్

ఖరీదైన ఫొటోషూట్ మొదట్లో అనవసరం. పగటి వెలుతురులో, మామూలు బట్టల్లో, ఫిల్టర్ లేకుండా మూడు ఫొటోలు చాలు: ఎదురుగా ముఖం, పక్క నుంచి, నిలువెత్తు. ఫొటోలో ఒకలా, మనిషి ఒకలా ఉంటే ఆడిషన్ గదిలోకి అడుగుపెట్టగానే ఇబ్బంది మొదలవుతుంది. పరిచయ వీడియో ఒక నిమిషం దాటొద్దు. పేరు, వయసు, ఎత్తు, ఊరు చెప్పి, తర్వాత ఒక చిన్న సీన్ చేయండి. స్టార్ల పాపులర్ డైలాగులు చెప్పొద్దు. అది చూసినవాళ్లకు ఆ స్టార్ గుర్తొస్తారు, మీరు గుర్తుండరు.

వాట్సాప్ మెసేజ్ ఇలా ఉంటే చాలు: 'నమస్తే సార్. నా పేరు ఫలానా. వయసు 24, ఎత్తు 5.8, మాది నల్గొండ. తెలంగాణ యాస సహజంగా వస్తుంది. బైకు, ఈత వచ్చు. రెండు నాటకాల్లో చేశాను. మూడు ఫొటోలు, ఒక నిమిషం వీడియో పంపుతున్నాను. నా వయసుకు తగ్గ పాత్ర ఉంటే ఆడిషన్ ఇస్తాను.' గుడ్ మార్నింగ్ బొమ్మలు, రోజూ 'సార్ చూశారా' అనే మెసేజ్‌లు పంపితే నంబర్ బ్లాక్ అవుతుంది. రాని విద్య వచ్చని రాయొద్దు. గుర్రపు స్వారీ వచ్చని రాసి, గుర్రం ముందు నిలబడాల్సి వస్తే ప్రాణానికే ప్రమాదం.

6. ఆడిషన్, ఆ తర్వాత సెట్

ఆడిషన్‌లో సీన్ ఇవ్వగానే కంఠస్థం మొదలుపెట్టకండి. ముందు అడగండి: ఈ మనిషి ఎవరు, ఎదురుగా ఉన్నది ఎవరు, ఈ సీన్‌కి ముందు ఏం జరిగింది? అలా అడిగినందుకు ఎవరూ తక్కువగా చూడరు. ఒకసారి చేశాక 'ఇదే కోపం లేకుండా చెయ్యండి' అంటారు. మీరు అంతకుముందు చేసింది బాలేదని దానర్థం కాదు. చెప్పిన మార్పును ఎంత త్వరగా పట్టుకుంటారో చూస్తున్నారు. మొదటిసారి అద్భుతంగా చేసి మార్చలేకపోయిన వాళ్లకంటే, మామూలుగా చేసి చెప్పగానే మారినవాళ్లను తీసుకోవడం నేను ఎక్కువగా చూశాను.

సెట్లో చెప్పిన సమయానికి అరగంట ముందే ఉండండి. ఫ్రేమ్ ఎంతో కెమెరా అసిస్టెంట్‌ని మెల్లగా అడగండి. క్లోజప్ అయితే కనుబొమ్మ కదిలినా ఎక్కువే, లాంగ్ షాట్ అయితే ఒళ్లంతా మాట్లాడాలి. నేల మీద మీరు నిలబడాల్సిన చోట పెట్టే మార్కు దగ్గర, కిందికి చూడకుండా ఆగడం ఇంట్లో టేపు అతికించి సాధన చేయండి. మార్కు తప్పితే ఫోకస్ పోతుంది, టేక్ పోతుంది. ప్రాంప్టింగ్ (పక్క నుంచి డైలాగ్ అందించడం) మీద ఆధారపడకుండా డైలాగ్ నోటికి పట్టుకుని వెళ్లండి. మీ షాట్ అయిపోయాక కారవాన్ల వైపు చూస్తూ కూర్చోకుండా, అనుమతి ఉంటే మానిటర్‌కి కాస్త దూరంగా నిలబడి మిగతావాళ్ల పని చూడండి. ఫోన్ జేబులోనే ఉండాలి. సెట్ ఫొటో ఒక్కటి బయటికి వెళ్లినా ఆ ఆఫీసు తలుపు మూసుకుపోతుంది.

7. డబ్బు, కాగితం

ఇక్కడ సిగ్గుపడి నష్టపోయినవాళ్లే ఎక్కువ. ఒప్పుకునే ముందే ప్రొడక్షన్ మేనేజర్‌ని గౌరవంగా అడగండి. రోజుకా, మొత్తం పాత్రకా? కాల్షీట్ (ఒక రోజు పని వేళ) ఎన్ని గంటలు? నైట్ షూటింగ్ ఉందా? ఊరు దాటితే బస, బత్తా (రోజు ఖర్చుకిచ్చే డబ్బు), ప్రయాణ ఖర్చు ఎవరివి? బట్టలు వాళ్లిస్తారా, మనం తేవాలా? డబ్బింగ్ ఇందులోనే కలిసి ఉందా? డబ్బు ఎప్పుడిస్తారు? మాట్లాడుకున్నదంతా ఆ సాయంత్రమే వాట్సాప్‌లో రాసి పంపి, 'సరేనా సార్' అని ఒక జవాబు తీసుకోండి. చిన్న సినిమాల్లో అగ్రిమెంట్ ఇవ్వకపోతే ఆ మెసేజే మీకు ఆధారం.

పాన్ కార్డు, బ్యాంకు ఖాతా సిద్ధంగా పెట్టుకోండి. నటుల పారితోషికంలో సాధారణంగా 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. మీ మొత్తం ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్న్ వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇది తెలియక వదిలేసేవాళ్లు చాలామంది.

మేనేజ్‌మెంట్ కంపెనీ అయినా, నిర్మాణ సంస్థ అయినా ఏళ్ల తరబడి బయట చేయకూడదనే అగ్రిమెంట్ ఇస్తే అక్కడికక్కడే సంతకం పెట్టకండి. ఇంటికి తీసుకెళ్లి లాయర్‌కి చూపించండి. మీ ముఖాన్ని, గొంతును ఏఐతో వాడుకునే హక్కు అందులో ఎక్కడైనా రాశారేమో ప్రత్యేకంగా వెతకండి.

8. మోసాలు, భద్రత

ఆడిషన్‌కి డబ్బు అడిగితే అక్కడే ఆపేయండి. రిజిస్ట్రేషన్, ఆర్టిస్ట్ కార్డు, కాస్ట్యూమ్ డిపాజిట్... పేరు ఏదైనా పని ఇచ్చేవాళ్లు మీకు డబ్బివ్వాలి, మీ దగ్గర తీసుకోకూడదు. పెద్ద నిర్మాణ సంస్థల పేరుతో నకిలీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు తిరుగుతుంటాయి. కాస్టింగ్ కాల్ ఆ సంస్థ అసలు పేజీలో ఉందో లేదో చూడండి, లేదా నేరుగా ఆఫీసుకెళ్లి కనుక్కోండి. 1993లో ఏర్పడిన నటుల సంఘం 'మా' (మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్) సభ్యత్వం నటించడం మొదలుపెట్టిన రోజే అక్కర్లేదు. ఆ కార్డు ఇప్పిస్తామనే మధ్యవర్తులకు పైసా ఇవ్వకుండా, నియమాలు సంఘం ఆఫీసులోనే అడగండి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

ఆడిషన్ ఆఫీసులో, పగటిపూట జరగాలి. హోటల్ గదికో, ఫ్లాట్‌కో రాత్రి రమ్మంటే వెళ్లొద్దు. అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకూ ఇదే చెబుతున్నాను. ఎక్కడికి వెళ్తున్నారో రూమ్మేట్‌కి లొకేషన్ పంపండి, మొదటిసారి తోడు తీసుకెళ్లండి. తోడు రావద్దంటే మీరూ వెళ్లొద్దు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం మహిళలకు రక్షణ ఇస్తుంది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి, లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. తెలుగు ఫిల్మ్ ఛాంబర్ కూడా 2018లో ఇలాంటి ఫిర్యాదుల కోసం కమిటీ వేసింది. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. మెసేజ్‌లు, కాల్ వివరాలు చెరిపేయకుండా దాచండి.

9. పిలుపు రాని రోజుల్లో

ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎవరిని కలిశారు, ఏం చెప్పారు, ఏ ఆడిషన్‌లో ఏ మార్పు అడిగారు, ఎంత డబ్బు రావాలి, ఎంత వచ్చింది. పొద్దున గొంతు సాధన, సాయంత్రం రిహార్సల్, వారానికో సీన్ ఫోన్‌లో షూట్ చేసి మిత్రులతో కలిసి చూసుకోవడం. ఇవి ఆగకూడదు.

పరిచయమైన కో-డైరెక్టర్‌కి రెండు మూడు నెలలకోసారి, కొత్తగా చేసిన పని ఏదైనా ఉంటేనే మెసేజ్ పెట్టండి: 'సార్, గత నెల ఈ షార్ట్ ఫిల్మ్ చేశాను, రెండో నిమిషం దగ్గర నా సీన్ ఉంది.' నిమిషం కూడా రాస్తే వాళ్లు సూటిగా అక్కడికే వెళ్లి చూస్తారు. ఆయన చెప్పిన సలహా మీద మీరు ఏమైనా మార్చుకుని ఉంటే అదీ ఒక ముక్క రాయండి. పంపేముందు లింక్ ఇంకొకరి ఫోన్‌లో తెరుచుకుంటుందో లేదో ఒకసారి చూసుకోండి.